ఒక వరుస కిందికి

మైకులు రాని రోజుల మాట. ఆ ఆదివారం పొద్దున్నే పాస్టరమ్మగారు ఎప్పటిలాగే సేవల జాబితా చర్చి తలుపుకి అంటించారు. ఎడమ కాగితం మీద పేర్లు, కుడి కాగితం మీద పైన ‘పని’ అని రాసి, దాని కింద ఎవరి పని వాళ్ళకి. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన హడావుడిలో కుడి కాగితం ఒక వరుస కిందికి జరిగిపోయింది.

ముందుగా వచ్చింది టీచరమ్మ. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ముప్ఫై ఏళ్ళుగా చర్చిలో హార్మోనియం ఆవిడదే. ఏడాదిగా వేళ్ళు బిగుసుకుపోయి పాట ఒక దారి, వాయిద్యం ఒక దారి. ఇంక చాలని ఎవరైనా అనేస్తారేమోనని ఆవిడకి ఒకటే దిగులు. ఇప్పుడు తన పేరెదురుగా ‘వాక్యం’! హార్మోనియం, తలుపు దగ్గర స్వాగతం చెప్పే టైలర్‌కి!

"టీచర్, నాకు సరిగమలే రావు!" అన్నాడు టైలర్ బిక్కమొహంతో.

"తీసేశామని చెప్పడానికి మొహం చెల్లక ఇలా వేశార్రా. వెళ్ళి వాయించు," అంది టీచరమ్మ, కళ్ళొత్తుకుంటూ.

పాస్టర్‌గారి పేరెదురుగా ‘పని’ అని ఉంది గాని, ఏ పనో లేదు. పోయిన వారం గంటన్నర ప్రసంగిస్తే సగం బల్లలు ఖాళీ అయిన సంగతి ఆయనకి గుర్తొచ్చింది. సంఘపెద్దలు పక్కన పెట్టేశారనుకున్నారు. అడుగున పేరు లేకుండా మిగిలిన ‘ఊడవడం’ చూసి చీపురందుకున్నారు. రోజూ ఊడ్చే తాపీమేస్త్రీకి స్వాగతం పడింది; తలుపు దగ్గర నిలబడి అందరి చేతులూ ఇటుకల్లా పట్టి ఊపాడు.

హార్మోనియం కాళ్ళతో తొక్కేది. కుట్టుమిషన్ అలవాటుతో టైలర్ కాళ్ళు భలే ఆడాయి. చేతులు మాత్రం గుడ్డ జరుపుతున్నట్టు హార్మోనియం మెట్ల మీద జారిపోయాయి.

ఎన్నడూ వాక్యం చెప్పని టీచరమ్మ లేచి ఎదురుగా చూసింది. ఎదుట బల్లల మీద సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. పాత అలవాటు ఆవిడని ఆదుకుంది.

"హాజరు! టైలర్?"

"ప్రెజెంట్, టీచర్!"

"తాపీమేస్త్రీ?"

"ఉన్నానండీ!"

"మూడో బల్ల నర్సమ్మ?"

ఎవరూ పలకలేదు. నర్సమ్మ పోయిన వానల్లోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. అలవాటులో ఆ పేరూ వచ్చేసింది. టీచరమ్మ మూడో బల్లకేసి చూసింది.

వెనక చీపురుతో నిలబడ్డ పాస్టర్‌గారు మెల్లగా అన్నారు. "ప్రెజెంటేనమ్మా. అక్కడ."

చర్చంతా కళ్ళు తుడుచుకుంది. అంత మంచి వాక్యం తాము వినలేదని చాలా ఏళ్ళు చెప్పుకున్నారు.

ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు జాబితా చూసి నెత్తి కొట్టుకున్నారు. "నా మతి మండ! కాగితం కిందికి అంటించాను!"

"అయితే నన్ను తీసెయ్యలేదా?"

"మిమ్మల్ని తీసే ధైర్యం ఎవరికుంది టీచరుగారూ! రండి, మీ హార్మోనియం మీరు తీసుకోండి."

టీచరమ్మ తన వేళ్ళకేసి చూసుకుని నవ్వింది. "వద్దమ్మా. వీడి కాళ్ళు బాగున్నాయి, చేతులకి నేను నేర్పుతాను. నాకు హాజరు పిలిచే పని ఇచ్చెయ్యండి, చాలు."

అందరూ సరేనన్నారు. హాజరు మాత్రం ప్రసంగం అయ్యాకే పిలవాలని పాస్టర్‌గారు పట్టుబట్టారు.