గంగులు వ్యాసానికి మొదటి స్థానం

ఒక పెద్ద అడవిలో ఫోనుకు సిగ్నలు దొరికే చోటు ఒక్కటే ఉండేది. దాన్ని బోడిగుండు అనేవారు. చెట్టూ చేమా మొలవని నున్నటి రాతిగుట్ట. పొద్దున లేస్తే చాలు, జంతువులన్నీ ఫోన్లు పట్టుకుని ఆ గుండెక్కి కూర్చునేవి. అంత ఎండా, అంత రద్దీ అడవిలో ఇంకెక్కడా లేవు.

గుండు కింద ఎలుగుబంటి బంగారయ్య జట్కా స్టాండు. జట్కా అంటే ఒంటి గుర్రం లాగే గూడుబండి. అలాంటివి మూడు, వాటికి మూడు గుర్రాలు. కుందేళ్ళను సంతకూ, కోతులను పెళ్ళిళ్ళకూ చేరవేయడం వాటి పని. బంగారయ్య మంచివాడే. ఉన్న లోపమల్లా చదివింది చదివినట్టు నమ్మడం.

గుర్రానికి ఉలవలే బలమని పొద్దున ఎవరో రాస్తే తొట్ల నిండా ఉలవలు పోసేవాడు. ఉలవలంత చెడ్డవి లేవని మధ్యాహ్నం ఇంకొకరు రాస్తే తిరిగి ఎత్తించేవాడు. ‘జట్కా వ్యాపారంలో గెలుపుకు తొమ్మిది మెట్లు’ చదవడం మొదలుపెట్టి ఆయన మూడో మెట్టు మీద ఉండగానే, కట్టిన బళ్ళు కట్టినట్టే సగం పూట నిలబడిపోయేవి.

ఇలా లాభం లేదని ఒకరోజు ధవళమ్మ టీచరు ఇంటికి వచ్చాడు. ధవళమ్మ తెల్లగుర్రం. అడవి బడిలో ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైంది. బంగారయ్య ఎక్కాలు నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. ఆవిడ మేనల్లుడు నల్లన్న ఇప్పుడు బంగారయ్య బండి లాగుతున్నాడు.

“టీచరుగారూ, గుర్రాల గురించి ఫోన్లో బోలెడు రాస్తున్నారు. ఏది చదవాలో, ఏది వదిలెయ్యాలో తెలియక బుర్ర తిరిగిపోతోంది. చదవదగ్గవి ఏరి ఒక జాబితా ఇచ్చారంటే మా స్టాండు గ్రూపులో పెట్టుకుంటాను” అన్నాడు.

ధవళమ్మ పైకి మాత్రం, “ఈ వయసులో నాకెందుకయ్యా ఇవన్నీ” అంది. అంటూనే కళ్ళజోడు తుడుచుకుంది. రిటైరైనప్పటి నుంచి ఒక్కరూ ఆవిడ ముందు దిద్దడానికి ఏమీ పెట్టలేదు మరి.

మర్నాడే, జాబితాలో చోటు కావాలనుకున్నవాళ్ళు తనకే రాసి పంపాలని నియమాలు ప్రకటించింది. ప్రతి రచనకూ ఉపోద్ఘాతం, విషయం, ముగింపు అని మూడు భాగాలుండాలి. ఇరవై పంక్తులు దాటకూడదు. మార్కులు ఇరవై అయిదుకు.

గుర్రం మీద ఒక్కసారైనా ఎక్కనివాళ్ళు కూడా రాసి పంపారు. ఒక కుందేలు ‘ఆ జూలు ఊగిన వేళ’ అని రాసింది. దానికి గుర్రాలంటే ప్రాణం, కానీ దగ్గరికి వెళ్ళాలంటే భయం. చిలుక శుకాచారి ‘నడకే దివ్యౌషధం’ పంపాడు. ‘అశ్వము నాలుగు కాళ్ళుగల జంతువు’ అని మొదలై, గుర్రానికి వచ్చే ఏ రోగమైనా నడిపిస్తే నయమవుతుందని ముగిసింది.

“ఇది మీరు ఎక్కడ చూశారు, ఆచారిగారూ?” అని అడిగింది ధవళమ్మ.

“నేను చూడనమ్మా, చెబుతాను” అన్నాడు శుకాచారి కొమ్మ మీంచి.

మూడు భాగాలూ కొలిచినట్టు ఉన్నాయి. ధవళమ్మ ఇరవై రెండు వేసింది.

ఆ సాయంత్రం గాడిద గంగులు వచ్చాడు. స్టాండులో ఇరవై ఎనిమిదేళ్ళుగా రోజూ సాయంత్రం మూడు గుర్రాలవీ పన్నెండు గిట్టలు ఎత్తించి, నోట కరచిన పుల్లతో మట్టీ రాళ్ళూ తీసి శుభ్రం చేసేవాడు అతనే. అతను రాసింది అయిదే పంక్తులు.

‘గుర్రం కుంటితే ముందు గిట్ట ఎత్తి చూడు.
వేడిగా ఉంటే లోపల చీము పట్టింది.
రాయి ఉంటే తీసి, గోరువెచ్చని ఉప్పు నీళ్ళలో గిట్ట పెట్టు.
చీము కారిపోయాక శుభ్రమైన గుడ్డ కట్టు.
మానేదాకా పొడి నేల మీద ఉంచు, నడిపించకు.’

ధవళమ్మ కళ్ళజోడు మీదనుంచి చూసింది. “దీనికి ఉపోద్ఘాతం ఏదీ?”

“అంటే ఏమిటండీ, అమ్మగారూ?”

“అసలు విషయంలోకి వెళ్ళేముందు చెప్పేది.”

“ముందెందుకండీ చెప్పడం? అప్పటికే గుర్రం కుంటుతూ ఉంటుంది కదండీ.”

“గుర్రం సంగతి సరేనయ్యా, ముందు నీ వ్యాసం కుంటుతోంది. ‘చూడు, పెట్టు, కట్టు’ ఏమిటి, పెద్దవాళ్ళు చదివేదానికి ఆ మాటతీరు? వెళ్ళి మళ్ళీ రాసుకురా.”

చదువుకున్నవాళ్ళు ఒక మాట అన్నారంటే దానికి ఏదో కారణం ఉంటుందని గంగులు నమ్మకం. వెళ్ళి ఉపోద్ఘాతం రాసుకొచ్చాడు. చిన్నదైందని ధవళమ్మ పెంచమంది. పెంచుకొచ్చాడు. ముగింపు లేదంది. గిట్టలు చూడడం ముగిశాక దొరికిన కాస్త వేళలో కూర్చుని అదీ రాశాడు. ఏడోసారి తెచ్చేసరికి వ్యాసం ఇరవై అయిదు పంక్తులైంది.

“బాగా వచ్చింది, గంగులూ. ఒక్క అయిదు పంక్తులు తగ్గిస్తే సరిపోతుంది” అంది ధవళమ్మ.

“ఏవి తగ్గించమంటారండీ?”

ఆవిడ మళ్ళీ ఒకసారి చదివింది. “ఇదిగో, మధ్యలో ఈ చీము, ఉప్పు నీళ్ళు... చదవడానికి ఏమంత బాగాలేవు. అన్నం తింటూ చదివేవాళ్ళుంటారు. ఇవి తీసెయ్.”

గంగులు తను మొదట రాసిన ఆ అయిదు పంక్తులనూ ఇంకోసారి చదువుకున్నాడు. తర్వాత తీసేశాడు.

జాబితా వెలువడింది. ‘గిట్ట — దాని గొప్పతనం’, రచన గంగులు, ఇరవై మూడు మార్కులు, మొదటి స్థానం. మిగిలిన రెండు మార్కులు ధవళమ్మ ఎప్పుడూ ఎవరికీ వేయలేదు. శుకాచారికి రెండో స్థానం, కుందేలుకు మూడోది.

గాడిదకు మొదటి స్థానం వచ్చిందనేసరికి అడవంతా పండగైంది. కోతులు శాలువా కప్పాయి. జింకలు దండ వేసి, ఆశ ఆపుకోలేక అందులో సగం తినేశాయి. ‘గుర్రం — మన సంస్కృతి’ అనే విషయం మీద మాట్లాడమని ప్రతి గుంపూ పిలవడమే. గంగులుకు రెండు వారాలు స్టాండు మొహం చూసే తీరిక లేకపోయింది.

“గాడిదైనా పైకొచ్చాడు, నా శిష్యుడు” అని కనిపించినవాళ్ళందరికీ చెప్పింది ధవళమ్మ. పన్నెండు గిట్టలు ఎవరు చూస్తున్నారని ఆవిడా అడగలేదు, ఇంకొకరూ అడగలేదు.

వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున నల్లన్న కుంటుతూ స్టాండుకు వచ్చాడు. కుడి ముందు కాలు.

“భయపడకురా, మనకు జాబితా ఉంది” అని బంగారయ్య ఫోను పట్టుకుని గుండెక్కాడు. ధవళమ్మ కూడా గొడుగు వేసుకుని వచ్చింది.

మొదట గంగులు వ్యాసం తెరిచారు. గిట్ట లేనిదే గుర్రం లేదని ఉంది. గుర్రం లేనిదే రాజ్యాలు లేవని ఉంది. గిట్టను గౌరవించుకోవడం మనందరి కర్తవ్యమని ముగింపులో ఉంది.

“గౌరవించాను టీచరుగారూ, తర్వాత?” అన్నాడు బంగారయ్య.

తర్వాత ఏమీ లేదు. రెండోది తెరిచారు. నడిపించమని ఉంది. కాబట్టి నల్లన్నను బోడిగుండు చుట్టూ నడిపించారు. ధవళమ్మ పక్కనే నడుస్తూ చుట్లు లెక్కపెట్టింది. మొదటి రోజు పది, రెండో రోజు పదిహేను.

మూడో రోజుకు నల్లన్న కాలు నేల మీద మోపలేకపోయాడు. శుకాచారిని అడిగితే, “చాలినంత నడిపించి ఉండరు” అని రెక్కల్లో తల పెట్టుకున్నాడు.

“అత్తా, చిన్నప్పుడు నువ్వు గుంజీలు తీయిస్తే తీశాను. ఈ పాఠం మాత్రం నా వల్ల కాదు” అన్నాడు నల్లన్న. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. కాలు కింద పెట్టలేని గుర్రం ఎన్నాళ్ళో నిలవదని అడవిలో అందరికీ తెలుసు. వాడికీ తెలుసు.

ధవళమ్మ మూతితో ఫోను కిందికి, ఇంకా కిందికి జరిపింది. గంగులు మొదటి రాత ఎప్పుడో చెరిగిపోయింది. దాని కింద ఆవిడ ఎర్ర అక్షరాల్లో పెట్టిన గమనిక ఒక్కటే మిగిలి ఉంది. ‘చీము, ఉప్పు నీళ్ళు అనే పంక్తులు తొలగించవలెను.’

ఎన్ని పంక్తులు కొట్టేసిందో ఆవిడకు బాగా గుర్తుంది. వాటిలో ఏముందో మాత్రం గుర్తులేదు. మార్కులు వేయడానికి చదివింది గాని, తెలుసుకోవడానికి చదవలేదు కదా.

గంగులు ఏనుగుల సభలో ఉన్నాడన్నారు. అక్కడ సిగ్నలు లేదు. మూడు కోసుల దూరం వానలో నడిచి వెళ్ళిందావిడ. వేదిక మీద గంగులు రెండు శాలువాలు కప్పుకుని మాట్లాడుతున్నాడు.

“గంగులూ,” అని వెనకనుంచి పిలిచింది, “ఆ అయిదు పంక్తులు చెప్పు.”

“ఇంకా ఉపోద్ఘాతంలోనే ఉన్నానండీ, అమ్మగారూ.”

“నల్లన్న కుంటుతున్నాడు.”

గంగులు మాట మధ్యలో ఆపేసి వేదిక దిగాడు. ముగింపు లేకుండా సభ ముగియడం ఆ అడవిలో అదే మొదటిసారి. ఏనుగులు చాలాసేపు చప్పట్లు కొట్టాయి.

స్టాండుకు రాగానే గంగులు కాలెత్తించి గిట్టకు చెంప ఆనించాడు. కాలుతోంది. పుల్లతో తవ్వితే శనగగింజంత మొనదేలిన రాయి బయటపడింది.

“ఎన్నాళ్ళయింది?”

“మూడు రోజులు” అన్నాడు బంగారయ్య.

“నిలబెట్టే ఉంచారు కదండీ?”

బంగారయ్య ధవళమ్మ వైపు చూశాడు.

“నడిపించాం,” అంది ధవళమ్మ. “లెక్కపెట్టింది నేనే. ఇరవై అయిదు చుట్లు.”

గంగులు ఉప్పు నీళ్ళు కాచమన్నాడు. బంగారయ్య కాచాడు. సాయంత్రానికి చీము కారిపోయింది. కట్టడానికి శుభ్రమైన గుడ్డ కోసం చూస్తే స్టాండులో అన్నీ తడిసే ఉన్నాయి. గంగులు భుజం మీద లోపలి శాలువా ఒక్కటే పొడిగా ఉంది. దాన్ని చించి కట్టారు. జరీ అంచు బయటికి కనబడేలా బంగారయ్య ముడి వేశాడు.

“ఇన్నాళ్ళకు దీనికో పని దొరికింది” అన్నాడు గంగులు. తర్వాత మిగిలిన గుర్రాల దగ్గరికి పోయి ఒక్కో గిట్టా ఎత్తించి చూడసాగాడు.

పది రోజులకు నల్లన్న నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాడు. ఆ పొద్దునే ధవళమ్మ గంగులును పక్కన కూర్చోబెట్టుకుని, జాబితా మొత్తం చెరిపేసి, ఆ అయిదు పంక్తులు అతను చెప్పింది చెప్పినట్టు గ్రూపులో పెట్టింది. ‘చూడు, పెట్టు, కట్టు’ కూడా అలాగే ఉంచింది.

“మార్కులెన్ని, అత్తా?” అన్నాడు నల్లన్న.

ధవళమ్మ కళ్ళజోడు తీసింది, మళ్ళీ పెట్టుకుంది. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి ఇరవై అయిదుకు ఇరవై అయిదు వేసింది. వేసి చాలాసేపు ఊరుకుంది. ఇక ఉండబట్టలేక కింద ఎర్ర అక్షరాల్లో రాసింది: ‘బాగుంది. ఇంకా విస్తరించవచ్చును.’

నీతి: గుర్రం కుంటినా ఫరవాలేదు, వ్యాసం మాత్రం కుంటకూడదు.