గేటుకు వేలాడిన నీలం రిబ్బను

గురువారం ఉదయం లోరిస్ పెట్టుకున్న పని ఒక్కటే. ఏడు కొట్టకముందే ఫ్యాక్టరీకి చేరాలి, యూనియన్ నాయకుడు గాస్తోనె మొదటి కాఫీ తాగేలోపు అతన్ని పట్టుకోవాలి, జాబితాలో తన పేరు కాస్తయినా పైకి జరిగిందేమో కనుక్కోవాలి.

ఆదిజె నది గట్టు కింద ఉన్న ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది ఒకే ఒక్క వస్తువు. దాని పేరు నోచె, అంటే అక్రోటు కాయ. నిజంగానే అక్రోటు కాయకు నాలుగు చక్రాలు తగిలించినట్టుంటుంది. కరెంటుతో నడుస్తుంది. అందులో ఒక్క మనిషే పడతాడు, ఆ ఒక్కడూ చంకలో సంచి పెట్టుకుంటే తలుపు పడదు. ఆఫీసుకు వెళ్లి రావడానికి అంతకంటే ఏం కావాలని కంపెనీ వాదన. ఆ తలుపులు బిగించేది లోరిస్. తొమ్మిదేళ్లుగా అదే పని.

ఇప్పుడు కంపెనీ సగం పనిని పియెత్రాస్కూరా అనే ఊరికి తరలిస్తోంది. దక్షిణాన, కొండల్లో, తొమ్మిది వందల కిలోమీటర్ల అవతల. తొంభై మందిలో నలభై మంది వెళ్లాలి, యాభై మంది ఉండాలి. ఎవరు ఉండాలో పాయింట్లు వేసి తేలుస్తారు. వయసుకు కొన్ని, సర్వీసుకు కొన్ని, పిల్లలకు చాలా. జాబితా శుక్రవారం అంటిస్తారు. గాస్తోనె వేసిన లెక్కలో లోరిస్ యాభై ఒకటోవాడు.

పెళ్లయి మూడు నెలలే అయింది. భార్య నివెస్ ఊళ్లోని కేకుల దుకాణంలో పనిచేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికే వెళ్లిపోతుంది. సాయంత్రం లోరిస్ ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే వెనిల్లా వాసన ఎదురొస్తుంది. ఆమె జుట్టుకు అంటిన పిండిని ఊది దులపడం అతనికి రోజూ ఒక పండుగ. అలాంటిది, పియెత్రాస్కూరాలో ఒంటరిగా గది తీసుకుని, డబ్బాలోని చేపలు తింటూ, వెనిల్లా వాసన లేకుండా ఎలా బతకాలో అతనికి అంతుబట్టడం లేదు.

అంత దిగుల్లోనూ అతనికి బుధవారం సాయంత్రం ఒక సంతోషం దక్కింది. తొమ్మిదేళ్లుగా నోచెలకు తలుపులు బిగిస్తూ సైకిలు మీద తిరిగే మొగుడికి నివెస్ ఒక నోచె కొనిచ్చింది. ఆకాశం రంగుది. బంపరు మీద గీత పడిందని కంపెనీ పక్కన పెట్టిన బండి. దాని ముఖాన, మీటరు వెడల్పున, కేకు డబ్బాలకు కట్టే నీలం రిబ్బనుతో పువ్వు కట్టింది.

గురువారం ఉదయం లోరిస్ బండిలో కూర్చున్నాడు. ఎదుట రోడ్డు లేదు, రిబ్బను పువ్వు ఉంది. దిగి విప్పాడు. కత్తిరిస్తే నివెస్ చిన్నబుచ్చుకుంటుందని జాగ్రత్తగా, ఒక్క మడత చెడకుండా విప్పాడు. లోపల పెడదామంటే బండిలో తనైనా పట్టాలి, పువ్వైనా పట్టాలి. ఇంటి తలుపుకు అప్పటికే తాళం పడింది. టైము ఏడుకు పది నిమిషాలు. సాయంత్రం తీసుకోవచ్చులే అని పువ్వును గేటుకు తగిలించి వెళ్లిపోయాడు.

ఎదురింటి ఒనోరినా ఏడింటికి కిటికీ తలుపులు తెరిచింది.

ఆ ఊళ్లో గేటుకు నీలం రిబ్బను కట్టారంటే ఇంట్లో మగపిల్లాడు పుట్టాడని. గులాబీ రంగైతే ఆడపిల్ల. ఇది ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేని సంగతి. ఒనోరినా పెళ్లయిన నెలలు వేళ్ల మీద లెక్కపెట్టి, మూడు దగ్గర ఆగిపోయింది. తర్వాత ఫ్యాక్టరీ క్యాంటీనులో పనిచేసే మేనకోడలికి ఫోను చేసింది.

"ఆ పిల్ల చలికాలమంతా కోటు విప్పలేదే. పెళ్లిలో వైను ముట్టలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. నేను పైకి అనే మనిషిని కాదుగా."

గాస్తోనె ఆ ఉదయం మీటింగు కోసం పట్నం వెళ్లి పదింటికి వచ్చాడు. లోరిస్ తలుపు బిగిస్తుండగా వెనకనుంచి వచ్చి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టాడు.

"దాచావు కదరా దొంగా. ఎన్ని కిలోలు?"

"ఏమిటి?"

"పిల్లాడు."

"ఏ పిల్లాడు? నాకు పిల్లాడేమిటి?"

గాస్తోనె చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సిగ్గుపడకు. పెళ్లి ఎప్పుడు, కాన్పు ఎప్పుడు అని నేను లెక్కపెట్టను. గేటుకు రిబ్బను కట్టుకున్నావు, అంతే చాలు."

లోరిస్‌కు ఆ క్షణంలో గేటు కళ్ల ముందు కనిపించింది. చేతిలోని రెంచి కిందపడింది. "అది బండికి కట్టింది. అడ్డమొస్తుంటే తీసి గేటుకు తగిలించాను. ఒట్టు."

"బాగుంది. ఎవరైనా అడిగితే అదే చెప్పు," అని గాస్తోనె కన్ను గీటాడు. "నేను మాత్రం ఆఫీసులో రాయించేశాను. పసిబిడ్డకు ఎనిమిది పాయింట్లు. యాభై ఒకటి నుంచి ముప్పై ఆరుకు ఎగబాకావు. ఇక నిన్ను ఇక్కణ్నుంచి కదిపేవాడు లేడు."

"కాగితం అడుగుతారుగా?"

"అడిగారు. మునిసిపాలిటీలో పేరు రాయించడానికి పది రోజులు గడువుందిగా, అప్పుడిస్తాడులే అన్నాను. హాయిగా ఉండు."

లోరిస్ నోరు తెరిచాడు. నిజం మళ్లీ చెప్పడానికే తెరిచాడు. కానీ ముప్పై ఆరు అనే అంకె లోపలికి వెళ్లి, నాలుక మీద కూర్చుంది. నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"నా బదులు ఎవరు పడిపోయారు?"

"ఎల్వియో. అంతకుముందు యాభయ్యోవాడు వాడేగా."

ఎల్వియో అదే లైనులో తలుపు ఎత్తి పట్టుకునేవాడు. తొమ్మిదేళ్లుగా అతను పట్టుకుంటే లోరిస్ బిగిస్తున్నాడు. యాభై ఏళ్లవాడు, పెళ్లి కాలేదు, మంచం పట్టిన తల్లితో ఉంటాడు. మధ్యాహ్నం భోజనం దగ్గరికి వచ్చి ఒక చిన్న పొట్లం లోరిస్ పళ్లెం పక్కన పెట్టాడు.

"మా అమ్మ అల్లింది. ఉన్ని టోపీ. పొద్దున నేను ఫోను చేసి చెప్పగానే అల్లడం మొదలుపెట్టిందట. చేతులు వణుకుతాయి కదా, ఒక పక్క కాస్త పెద్దదైంది. పక్కింటావిడతో పంపింది."

"ఎల్వియో, అసలు సంగతేమిటంటే..."

"తెలుసులే, గాస్తోనె చెప్పాడు. నువ్వేం మనసులో పెట్టుకోకు. పసివాణ్ణి వదిలి నువ్వు వెళ్లడమేమిటి? నేను వెళ్తాను. అమ్మను కూడా తీసుకెళ్తాను. కొండగాలి మంచిదంటారు."

లోరిస్ నోట్లో రొట్టె ముక్క ఉంది. అది మింగేసరికి ఎల్వియో వెళ్లిపోయాడు. టోపీ ఒక చెవి దగ్గర నిజంగానే పెద్దదిగా ఉంది.

నాలుగింటికి షిఫ్టు అయిపోయాక అంతకంటే ఘోరం ఎదురైంది. బయట నోచె చుట్టూ లైనులోనివాళ్లంతా చేరి చప్పట్లు కొడుతున్నారు. అందరూ కలిసి పసిపిల్లల కారు సీటు ఒకటి కొన్నారు. కొని ఊరుకుంటే బాగుండేది. వాళ్లు పనివాళ్లు, పైగా మంచి పనివాళ్లు. బండిలో ఉన్న ఒక్క సీటునూ ఊడబీకి, దాని స్థానంలో పసిపిల్లల సీటును ఆరు బోల్టులతో, ఏ ప్రభుత్వ పరీక్షకైనా నిలిచేలా బిగించేశారు.

"మరి నేనెక్కడ కూర్చోవాలి?" అన్నాడు లోరిస్.

చప్పట్లు ఆగాయి. అది ఎవరికీ తట్టలేదు.

"ముందు పిల్లాడి భద్రత కదా," అన్నాడు ఒకాయన చివరికి. ఐదు నిమిషాల్లో వాళ్లంతా ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు, రెంచీలతో సహా.

నివెస్ ఇచ్చిన బండిని అక్కడ వదిలి వెళ్లడానికి లోరిస్‌కు మనసొప్పలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు పట్టుకుని, భుజంతో తోసుకుంటూ బయల్దేరాడు. మూడు వందల కిలోల బండి. కిలోమీటరున్నర దారి. బార్ల ముందు కూర్చున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని లేచి వచ్చి, లోపలికి తొంగిచూశారు.

"సీటు ఖాళీగా ఉందేం? పిల్లాణ్ణి ఎక్కడ వదిలేశావు?"

"పిల్లాడు లేడండీ."

"మొదటి కాన్పుకు అందరూ ఇలాగే మరిచిపోతారు. ఫ్యాక్టరీలో చూడు, అక్కడే ఉంటాడు."

ఇంటి దగ్గరికి వచ్చేసరికి గేటు గేటులా లేదు. రిబ్బను చుట్టూ బెలూన్లు, పసిపిల్లల్ని ముక్కున పట్టుకొస్తుందని చెప్పే కొంగ బొమ్మ అట్టతో చేసింది, ఎవరో తెచ్చిన గిలక్కాయ. వాటి ముందు పెట్టె మీద కూర్చుని ఉంది లోరిస్ తల్లి ఇర్మా. పక్క ఊరినుంచి బస్సెక్కి వచ్చింది. పక్కన ఒనోరినా ఆమెకు గొడుగు పట్టి నిలబడింది.

"నెల రోజులకు బట్టలు తెచ్చుకున్నాను," అంది ఇర్మా. "మనవడు పుట్టాడని ఎదురింటావిడ ఫోను చేసి చెప్పాలా నాకు? నేను కన్నది నిన్నేనా అని ఆసుపత్రి కాగితాలు మళ్లీ తీసి చూసుకున్నానురా."

"అమ్మా, పిల్లాడు లేడు."

"నాకు చూపించడానికి కూడా లేడన్నమాట."

ఇంతలో సందు మలుపులో సైకిలు గంట మోగింది. నివెస్ వస్తోంది, ముందు బుట్టలో పెద్ద కేకు డబ్బా. పొద్దున దుకాణానికి ఫ్యాక్టరీనుంచి అర్జెంటు ఆర్డరు వచ్చింది. ఉయ్యాల ఆకారంలో కేకు, నీలం ఐసింగు. ఎవరో అదృష్టవంతులు అనుకుంటూ నివెస్ రోజంతా కూర్చుని ఆ ఉయ్యాలకు చక్కెరతో లేసులాంటి జాలరు కూడా అల్లింది. పూర్తయ్యాక యజమాని చిరునామా చీటీ తను చదవకుండానే ఇచ్చి, ఇంటికెళ్లే దారిలో అందించి వెళ్లమన్నాడు.

"లోరిస్," అంది సైకిలు దిగుతూ, "చీటీ మీద మన ఇంటి నెంబరుంది. మన ఇంట్లో ఎవరు కన్నారు?"

లోరిస్ చెప్పాడు. మొదటినుంచీ చివరిదాకా, రోడ్డు మీద నిలబడే చెప్పాడు. కథ బండి సీటు దగ్గరికి వచ్చేసరికి నివెస్ నవ్వు ఆపుకోలేక గేటు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. ఇర్మా మాత్రం కోడలి నడుమును నాలుగు వైపులనుంచీ పరిశీలించి, నిజంగానే మనవడు లేడని తేల్చుకుని, ఉన్నవాడు పోయినంత దుఃఖంతో ఏడ్చింది. ఒనోరినా తన గొడుగు తీసుకుని ఇంట్లోకి వెళ్లి కిటికీ మూసుకుంది.

ముగ్గురూ వంటగదిలో కూర్చుని కేకు తిన్నారు. లోరిస్ ఆ ఉన్ని టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఎల్వియో సంగతి చెప్పాడు. నివెస్ నవ్వు ఆగిపోయింది. టోపీలో చెయ్యి పెట్టి, పెద్దదైన వైపు వేళ్లతో సాగదీసి చూసింది.

"రేపు పొద్దున్నే వెళ్లి ఆఫీసులో నిజం చెప్పేసెయ్."

"చెబితే నేను వెళ్లాలి."

"తెలుసు."

"తొమ్మిది వందల కిలోమీటర్లు నివెస్."

"సెలవు దొరికినప్పుడల్లా నేనే వస్తాను. ఆ బండికి సీటు మార్పించు, అందులో వస్తాను."

"అది ఒకసారి చార్జి చేస్తే తొంభై కిలోమీటర్లే వెళ్తుంది. చేసినవాణ్ణి, నాకు తెలియదా?"

"అయితే దారిలో పదిసార్లు ఆగి కాఫీ తాగుతాను," అంది నివెస్. కళ్లలో నీళ్లున్నాయి, మూతి మీద నీలం ఐసింగుంది. లోరిస్‌కు ఆమె ఎప్పుడూ అంత అందంగా కనిపించలేదు. అందుకే అతనికి ఇంకా ఏడుపొచ్చింది.

శుక్రవారం ఉదయం లోరిస్ ఫ్యాక్టరీకి నడిచి వెళ్లాడు. గోడకు జాబితా అంటించి ఉంది. దాని ముందు జనం గుమిగూడి ఉన్నారు. చూస్తే ధైర్యం చాలదని తల తిప్పుకుని నేరుగా మేడ మీద ఉన్న సిబ్బంది ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ వరండా పొడుగునా జనం వరస కట్టి ఉన్నారు. ఎందుకో అతనికి అర్థం కాలేదు. ఎవరి మొహమూ అడగబుద్ధయ్యేలా లేదు. గంటసేపు నిలబడ్డాక అతని వంతు వచ్చింది. ఆఫీసరు బెవిలాక్వా మేడం కాగితాలమీంచి తల ఎత్తలేదు.

"మేడం, నాకు బిడ్డ లేడు," అన్నాడు లోరిస్ గుండె చిక్కబట్టుకుని.

"మగా, ఆడా?"

"ఎవరండీ?"

"లేని బిడ్డ."

"మగపిల్లాడు. అంటే, లేడు. అది రిబ్బను వల్ల వచ్చిన పొరపాటు. ఆ పాయింట్లు నావి కావు. నా పేరు తీసేసి ఎల్వియో పేరు ఇక్కడ ఉంచండి."

ఆమె మొదటిసారి తల ఎత్తింది. కళ్లకింద నల్లటి చారలున్నాయి. "ఎల్వియో ఇక్కడే ఉంటున్నాడు. మీరు జాబితా చదవలేదా? నిన్న సాయంత్రం పియెత్రాస్కూరా మేయరు మనకు షెడ్డు ఉచితంగా ఇస్తూ సంతకం పెట్టాడు. ఒకటే షరతు. వాళ్ల బడిలో నలుగురే పిల్లలు మిగిలారట, మూసేసేలా ఉన్నారు. కాబట్టి చిన్నపిల్లలున్నవాళ్లను ముందు పంపాలి. రాత్రికి రాత్రి జాబితా తిరగరాశాం. మీవాడు అందరికంటే చిన్నవాడు. మీ పేరే మొదటిది."

"కానీ వాడు లేడు కదండీ. నేను నిజం చెప్పడానికే వచ్చాను. నిన్న రాత్రే నిర్ణయించుకున్నాను, మా ఆవిణ్ణి అడగండి. మునిసిపాలిటీనుంచి కుటుంబ ధ్రువపత్రం తెచ్చిస్తాను."

"అందులో ఎలా ఉంటాడు? పేరు రాయించడానికి మీకు పది రోజుల గడువుందని మీ గాస్తోనె నిన్న చెప్పాడు. దుకాణంవాళ్లు పంపిన కేకు ఫోటో కూడా జత చేశాడు." ఆమె ఫైలు తిప్పి చూపించింది. నీలం ఉయ్యాల, దాని అంచున నివెస్ అల్లిన చక్కెర జాలరు. "పదకొండో రోజున రండి, చూద్దాం. బస్సు సోమవారం."

లోరిస్ బల్ల అంచు పట్టుకున్నాడు. తన జీవితంలో ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదని, అది ఈ ఒక్క రోజే చెప్పాల్సి వచ్చిందని అనిపించింది.

"మేడం, నా మొహం చూసి చెప్పండి. నేను అబద్ధమాడే మనిషిలా ఉన్నానా?"

బెవిలాక్వా మేడం అతని మొహం కాసేపు చూసి, కాగితం మీద ఒక గీత గీసి, తర్వాతివాళ్లను పిలిచింది. పిల్లలు లేరని ఆ ఉదయం అక్కడికి వచ్చి చెప్పుకున్నవాళ్లలో లోరిస్ పదిహేడోవాడు, పద్దెనిమిదోవాడు బడి టైమైపోతోందని ఇద్దరు కూతుళ్లనూ చెరో చేత్తో పట్టుకునే లోపలికి వచ్చాడు.