ఆరిళ్ల నాచోస్

జనవరి నెలలో ఆ ఆదివారం ఈగిల్ పాస్ ఊరికి తెల్లవారినా తెలివి రాలేదు. రాత్రంతా నది మీద పడుకున్న పొగమంచు పొద్దున్నే లేచి వీధుల్లోకి వచ్చి, వెళ్లడం మరిచిపోయినట్టు అక్కడే ఉండిపోయింది. గ్రిసెల్డా వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదురింటి కంచె కూడా కనిపించడం లేదు. ఎక్కడో ఒక కుక్క మొరిగింది. ఆ మొరుగు కూడా దూదిలోంచి వచ్చినట్టు మెత్తగా వినిపించింది.

గ్రిసెల్డా మంచును పట్టించుకునే స్థితిలో లేదు. కూతురు యాదిరాను తన కొడుకు నెస్టర్‌కు ఇమ్మని అడగడానికి డెల్ రియో నుంచి ఫిదెన్సియో అనే పెద్దమనిషి ఆ రోజు పన్నెండింటికి వస్తున్నాడు. వెనకాల చర్చి వ్యానులో పదహారు మంది బంధువులు. గ్రిసెల్డా బడి వంటశాలలో రోజూ నాలుగు వందల మంది పిల్లలకు వండే మనిషి కనుక ఆమెకు లెక్కలోకి వచ్చింది ఆ పదహారు మంది కాదు, ఆ ఒక్కడే. ఆయన భార్య పోయి తొమ్మిదేళ్లయింది. అప్పటి నుంచి ఎవరింట్లోనూ భోజనానికి కూర్చోడనీ, నిలబడే కాఫీ తాగి టోపీ అందుకుంటాడనీ నెస్టర్ ముందే చెప్పాడు. "నాచోస్ అయితే కూర్చుంటాడేమో అత్తా. అమ్మ చేసేది," అన్నాడు.

అందుకని నాచోస్. పది పౌన్ల గొడ్డుమాంసం ఖీమా ఉల్లిపాయలతో, ఎండుమిరప కారంతో వేగింది. ఆరు పెద్ద ట్రేల నిండా మొక్కజొన్న చిప్స్ పరిచి, పైన ఉడికించి మెదిపిన చిక్కుడు గింజలు, ఖీమా, తురిమిన చీజ్, మిరపకాయ చక్రాలు వేసింది. ఇక ఓవెన్‌లో పెట్టి చీజ్ కరిగించడమే తరువాయి.

ఆమె తండ్రి అన్సెల్మోకు ఎనభై ఒక్కేళ్లు. ట్రేల చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఇవి నాచోస్ కాదమ్మాయ్. ఒక్కో చిప్పు మీద ఒక చీజ్ ముక్క, ఒక మిరపకాయ చక్రం. అంతే. నది అవతల మెక్సికోలో, మా ఊళ్లో పుట్టిన వంటకం ఇది, నాకు తెలీదా? నువ్వు చేసింది చూస్తే గోడ కూలినట్టుంది."

"మీరు కాస్త మాట్లాడకుండా ఆ ఓవెన్ వేడి పెట్టండి నాన్నా."

ఆయన కళ్లజోడు పెట్టుకోకుండానే మీట నొక్కాడు. ఓవెన్ లోపల టక్కున ఏదో బిగుసుకుంది. గ్రిసెల్డా వచ్చి చూసేసరికి తలుపు తాళం పడి ఉంది. ఆయన నొక్కింది ఓవెన్ తనను తాను శుభ్రం చేసుకునే మీట. లోపలి మురికి బూడిదయ్యేదాకా, ఆ తరవాత చల్లారేదాకా అది తలుపు తీయదు. నాలుగు గంటలు అని ఎర్ర అంకెల్లో చూపిస్తోంది. గ్రిసెల్డా మీటలన్నీ నొక్కింది, ప్లగ్గు పీకి మళ్లీ పెట్టింది. ఓవెన్ తన నిర్ణయం మార్చుకోలేదు.

"నాలుగు గంటల తరవాత మాత్రం తళతళలాడుతుంది," అన్నాడు అన్సెల్మో.

అప్పుడు టైము పదకొండున్నర. గ్రిసెల్డా ఒక్క నిమిషం కుర్చీలో కూర్చుంది. తరవాత లేచి, ఆరు ట్రేలకు రేకు కప్పి, యాదిరా చేతికి మూడిచ్చి తాను మూడు తీసుకుని మంచులోకి నడిచింది. ఆ వీధిలో ఆరిళ్లలో ఆరు ఓవెన్లు ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: "పన్నెండింటికి మనిషిని పంపుతాను, సిద్ధంగా ఉంచండి." ట్రే అందుకున్న ఐదుగురు ఇల్లాళ్లకు ఇది పిలుపేనని అర్థమైంది. ఓవెన్‌లో ట్రే పెట్టి, అందరూ తలదువ్వుకోవడానికి వెళ్లారు.

మూడు ఇళ్ల అవతల ఒఫేలియాకు ఇంకోలా అర్థమైంది. ఆమె పెళ్లి గౌన్లకు అంచులు కుట్టే మనిషి. భర్త పోయి ఏడేళ్లు. మూడేళ్లుగా గ్రిసెల్డా కనిపించినప్పుడల్లా "నీకో మంచి మనిషిని చూస్తాను వదినా" అంటూనే ఉంది. ఈ రోజు హడావిడిగా వచ్చి, ట్రే చేతిలో పెట్టి, "పన్నెండింటికి మనిషిని పంపుతాను వదినా, సిద్ధంగా ఉండు" అని మంచులో మాయమైపోయింది.

ఒఫేలియా ట్రే వంటింట్లోకి తీసుకెళ్లింది. తరవాత ట్రే మీద తన వంతుగా గుప్పెడు వెల్లుల్లి, చిటికెడు జీలకర్ర చల్లి ఓవెన్‌లో పెట్టింది. నీలం గౌను వేసుకుంది. ఓవెన్ అద్దం ముందు చిన్న పీట వేసుకుని కూర్చుంది. లోపల చీజ్ మొదట చెమర్చింది, తరవాత మెల్లగా తన ఆకారం వదులుకుని ఖీమా మీదకు వాలిపోయింది. చూస్తూ చూస్తూ ఆమె కళ్లు కూడా కొంచెం అలాగే వాలాయి.

ఫిదెన్సియో పశువుల పొలాల్లో గాలిమరలు బాగుచేసే మనిషి. మాటలు తక్కువ. అడగవలసిన నాలుగు ముక్కలు గంటసేపు ట్రక్కులో తనకు తానే అప్పజెప్పుకుంటూ వచ్చాడు. వీధి మొదట్లో కొడుక్కి ఫోన్ చేస్తే, "ఐసు కొనడానికొచ్చాను నాన్నా, నువ్వు వెళ్లు. నాచోస్ వాసన వచ్చే ఇల్లే, పోల్చుకోవడం కష్టం కాదు," అన్నాడు.

వీధంతా నాచోసే. మంచు ఆ వాసనను పైకి పోనివ్వకుండా పట్టుకుంది. ఫిదెన్సియో కిటికీ దించి, మనిషి నడక వేగంతో ట్రక్కు పోనిస్తూ, తొమ్మిదేళ్ల కిందటి తన వంటింట్లోకి వెళుతున్నట్టుగా వెళ్లాడు. వెల్లుల్లి వాసన గాఢంగా ఉన్నచోట ఆగి, టోపీ తీసి తలుపు తట్టాడు.

నీలం గౌనులో ఒకావిడ తలుపు తీసింది. మరిచిపోతానేమోనన్న భయంతో ఆయన గడపలోనే మొదలుపెట్టాడు.

"మీ ఇంటి దీపాన్ని మా ఇంటికిమ్మని అడగడానికొచ్చానండి. మా ఇంట్లో ఆడదిక్కు లేక తొమ్మిదేళ్లయింది. మాకు పెద్ద ఆస్తులు లేవు. కష్టపెట్టం. అంతే."

ఆ ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కతే. ఒఫేలియా ఆయన్ని పైనుంచి కిందకు ఒకసారి చూసింది. బూట్లు పాతవే కాని తుడిచి ఉన్నాయి.

"లోపలికి రండి. చీజ్ అంచులు ఎర్రబడేదాకా ఆలోచించుకుంటాను."

ఆయన కూర్చున్నాడు. ఇద్దరూ ఓవెన్ వైపు చూశారు.

"పొగ తాగుతారా?"

పెళ్లికొడుకు తండ్రిని ఇంతగా అడుగుతారని ఫిదెన్సియో అనుకోలేదు. ఈ ఊరి పద్ధతి కాబోలనుకున్నాడు. "మానేశానండి."

"గురక?"

"ఉందనే అంటారు. నాకెప్పుడూ వినపడలేదు."

"పర్లేదు. నేను రాత్రుళ్లు మిషను కుడతాను. ఆ చప్పుడులో మీది కలిసిపోతుంది."

ఆ మాటకు అర్థమేమిటో తెలియకపోయినా ఆయనకు హాయిగా అనిపించింది. ఒఫేలియా ట్రే బయటకు తీసి, పళ్లెంలో పెట్టి అందించింది. చిప్పు తీస్తే చీజ్ సన్నటి దారంలా సాగి, తెగకుండా ఆయన వేలిదాకా వచ్చింది.

"సరేనండి. నాకిష్టమే," అంది.

"మిగతావాళ్లని అడగక్కర్లేదా?"

"నన్నడిగారుగా. చాలు."

అప్పుడే వ్యాను వచ్చింది. మంచులో ఫిదెన్సియో ట్రక్కును చూసి దాని వెనకే ఆగింది. పదహారు మందీ దిగి, ఒఫేలియాను కౌగలించుకుని, కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. ట్రే తీసుకెళ్లడానికి వచ్చిన అన్సెల్మో గుమ్మంలోంచి లోపలికి తొంగి చూసి, ఎదురుపడ్డ ఇల్లాళ్లకు, "జనమంతా ఇక్కడున్నారు, ఇక్కడికే తెచ్చేయండి," అని చెప్పి ఉత్త చేతులతో ఇంటికి వెళ్లాడు.

గ్రిసెల్డా ఖాళీ బల్ల ముందు అవకాడో పచ్చడి పెట్టుకుని కూర్చుని ఉంది.

"ట్రేలేవి నాన్నా?"

"ఒఫేలియా ఇంట్లో. ఆవిడకి పెళ్లి కుదిరిందట. పెళ్లికొడుకు మంచివాడిలా ఉన్నాడు, కూర్చుని తింటున్నాడు."

గ్రిసెల్డా, యాదిరా, ఐసు సంచులతో అప్పుడే వచ్చిన నెస్టర్ ముగ్గురూ వెళ్లేసరికి ఆరు ట్రేలూ అక్కడ సగం ఖాళీ అయి ఉన్నాయి. ఫిదెన్సియో మూడో పళ్లెంలో ఉన్నాడు. కొడుకును చూసి లేచాడు.

"నెస్టర్, అడిగేశాను. ఈవిడ ఒప్పుకున్నారు."

"నాన్నా, ఈవిడెవరు?"

నమలడం అన్నిచోట్లా ఒకేసారి ఆగింది. ఒఫేలియా నెస్టర్‌ను చూసింది, యాదిరాను చూసింది, గ్రిసెల్డా చేతిలోని పచ్చడి గిన్నెను చూసింది. అంతా తెలిసిపోయింది. ఆమె ముఖం కందిపోయినా గొంతు మాత్రం నిలకడగానే ఉంది.

"మంచులో ఇల్లు తప్పారు. మీ మాట మీరు వెనక్కి తీసుకోండి. నేనేమీ అనుకోను."

ఫిదెన్సియో పళ్లెం పక్కన పెట్టి టోపీ అందుకున్నాడు. కిటికీ బయట మంచు కొంచెం పలచబడి, ఎదుటి పెరట్లో నిమ్మచెట్టు ఒకటి బయటపడింది.

"ఇల్లు తప్పిన మాట నిజమేనండి," అన్నాడు చివరికి. "కాని గురక సంగతి తెలిసి కూడా ఒప్పుకున్నారు. వెనక్కి తీసుకోవాలని లేదు. మీకు ఇష్టమైతేనే."

ఒఫేలియా ఖాళీ అయిన ఆయన పళ్లెం అందుకుని, మళ్లీ నింపింది. "ముందు వచ్చే ఆదివారం రండి. ముహూర్తం సంగతి తరవాత చూద్దాం."

గ్రిసెల్డా గిన్నె కింద పెట్టింది. "చాలా సంతోషం. మరి మా యాదిరా మాట?"

ఫిదెన్సియో ఇబ్బందిగా ఆమె వైపు చూశాడు.

"నేను తెచ్చుకున్న మాటలు అవేనమ్మా. అయిపోయాయి. వారం టైమిస్తే కొత్తవి తయారు చేసుకుంటాను."

యాదిరా నవ్వు ఆపుకోలేక నెస్టర్ భుజం వెనక ముఖం దాచుకుంది. ఇక చేసేదేమీ లేక గ్రిసెల్డా కూడా కూర్చుని ఒక పళ్లెం తీసుకుంది. వెల్లుల్లి ఎక్కువైంది కాని, ఆమె ఆ మాట పైకి అనలేదు.

తరవాతి ఆదివారం యాదిరాను అడగడానికి మగపెళ్లివారి తరఫున పెద్దలు ఇద్దరు వచ్చారు. ఫిదెన్సియో గంట ప్రయాణం చేసి సరిగ్గా పన్నెండింటికి వచ్చాడు. మూడిళ్ల అవతల నుంచి రావలసిన ఒఫేలియా మాత్రం, అచ్చం మగపెళ్లివారి దర్జాతో, నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.