సిపాయి తిరిగొచ్చిన సినిమా

‘సెలవు చీటీ’ సినిమా మొదటిసారి విడుదలైనప్పుడు గవర్నర్‌పేటలోని హాలులో ఆడిన ప్రింటులో కథానాయకుడు చావలేదని, యుద్ధం ముగిశాక రైలు దిగి భార్య దగ్గరకు తిరిగొచ్చాడని, ఆ ముగింపును తర్వాత ఎవరో తీయించేశారని విజయవాడలో అందరికీ తెలుసు. ఎందుకు తీయించారన్న దగ్గర మాత్రమే అభిప్రాయభేదాలున్నాయి. సెన్సారు వారి పని అని కొందరు అంటారు. ఏడిపిస్తేనే వసూళ్లు వస్తాయని మద్రాసులో లెక్క వేసుకున్నారని మరికొందరు అంటారు.

ఈ సంగతి చెప్పేవారిలో ఆ ముగింపును కళ్లారా చూసినవారు లేరు. చూసినవారి దగ్గర విన్నవారే అందరూ. ఎవరి దగ్గర విన్నారని ఒక్కొక్కరినీ అడుగుతూ వెనక్కి వెళ్తే, దారులన్నీ గుణదలలో ఒక అపార్టుమెంటు రెండో అంతస్తుకు, పద్మావతమ్మ గారి గుమ్మం దగ్గరికి చేరతాయి. ఆమె సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. యుద్ధాల పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ పిల్లలకు ఈ ముచ్చట చెప్పేవారు. పిల్లలు యుద్ధాలను మరిచిపోయారు గాని ముచ్చటను మరిచిపోలేదు.

ఒక ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ ఆమె కొడుకు దుర్గాప్రసాద్ ఒక చిన్న ఏర్పాటు ఆలోచించాడు. అతనికి గవర్నర్‌పేటలో మోటారు పంపుల దుకాణం ఉంది. వచ్చే వారం తల్లికి ఎనభై నిండుతాయి. సెల్లారులో తెర కట్టి, అపార్టుమెంటు వాళ్లందరికీ ‘సెలవు చీటీ’ వేసి, పులిహోర పెట్టి పంపిస్తే సరిపోతుందనుకున్నాడు.

“వెయ్యరా, వెయ్యి. ఆ పైఇంటి శౌరమ్మని ముందు వరసలో కూచోబెట్టు. సిపాయి తిరిగొస్తుంటే దాని మొహం చూడాలి నేను,” అంది పద్మావతమ్మ.

శౌరమ్మ రిటైరైన నర్సు. అదే సినిమాను ఆ రోజుల్లోనే గుంటూరులో చూసింది. ఆమె ఎరిగినంతలో సిపాయి చచ్చిపోయాడు. నర్సుగా ఆ విషయంలో ఆమెకు అనుమానం లేదు. ఇద్దరూ ఏళ్ల తరబడి వదినా అంటే వదినా అనుకుంటూ ఈ ఒక్క శవం దగ్గర తగాదా పడుతూనే ఉన్నారు.

కబురు అందగానే శౌరమ్మ మెట్లు దిగి వచ్చింది. “వస్తాలే వదినా. గుండెలో గుండు దిగింది వాడికి. అట్టాంటోడు లేచొస్తే మా గుణదల మాత కొండ మోకాళ్ల మీద ఎక్కుతా.”

“వాడు రాకపోతే అందరి ముందూ మైకు పట్టుకుని చెప్తాలే, ఇన్నేళ్లూ పిల్లలకి అబద్ధాలు చెప్పానని!” అంది పద్మావతమ్మ.

ఆ రాత్రి దుర్గాప్రసాద్ ముందుజాగ్రత్తగా కంప్యూటరులో సినిమా చూశాడు. శౌరమ్మ చెప్పిందే జరిగింది. చివరి దృశ్యంలో సిపాయి పోయాడని తంతి వస్తుంది. భార్య అతని సెలవు చీటీని గుండెకు హత్తుకుని స్టేషనులో నిలబడిపోతుంది. రైలు ఆగకుండా వెళ్లిపోతుంది. అంతే. ఎనభయ్యో పుట్టినరోజున తల్లి మైకు పట్టుకుని తలవంచుకోవడం అతని కళ్లకు కట్టింది. మర్నాడు నెమ్మదిగా కదిపి చూశాడు.

“అమ్మా, ఇప్పుడు దొరికే దాంట్లో వాడు చచ్చిపోతున్నాడే.”

“అది కోసేసిన ప్రింటురా. అసల్ది తెప్పించు.”

“అలాగేలే అమ్మా,” అన్నాడు దుర్గాప్రసాద్. తర్వాత జరిగిన వాటన్నిటికీ మూలం ఆ ఒక్క మాటే.

మధ్యాహ్నానికల్లా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో “ప్రసాద్ గారు అసలు ప్రింటు తెప్పిస్తున్నారు” అని వచ్చింది. సాయంత్రానికి అది “తెప్పించారు” అయింది. మర్నాటికి ఆ ప్రింటు ఇబ్రహీంపట్నంలో ఒక పాత గోడౌనులో బియ్యం బస్తాల వెనక దొరికింది. ఆ మర్నాటికి దాన్ని కొరికిన ఎలుకల వివరాలు కూడా తెలిశాయి. పద్మావతమ్మ పాత విద్యార్థులు కంకిపాడు నుంచీ గుడివాడ నుంచీ ఫోన్లు చేసి సీట్లు అడిగారు. వాళ్లు ఇళ్లలో ఆ సినిమా పాటలు పాడుకుంటూ పెరిగినవాళ్లు. కాదనడం ఎవరి తరమూ కాలేదు. సెల్లారు చాలదని పెద్దలు తేల్చి గవర్నర్‌పేటలో ఒక ఏసీ హాలు మాట్లాడారు. జయకృష్ణ అనే విలేకరి దుకాణానికే వచ్చి, రీలు పట్టుకుని నిలబడమన్నాడు. రీలు లేకపోవడంతో దుర్గాప్రసాద్ ఒక పంపుసెట్టు పక్కన నిలబడ్డాడు. పేపరులో ఆ ఫోటోనే వచ్చింది.

ఇక వెనక్కి తగ్గే దారి లేదు. అతను పెళ్లి వీడియోలు తీసే డేనియల్ దగ్గరికి పరుగెత్తాడు. డేనియల్ శౌరమ్మ కొడుకే.

“చచ్చినోణ్ణి బతికించాలా? అన్నా, పెళ్లికి రాని మేనమామని గ్రూపు ఫోటోలో పెట్టా గానీ, ఇది మరీ దేవుడి డిపార్టుమెంటు.”

“ఏదో ఒకటి చెయ్యరా. అమ్మ పరువురా.”

“నీకు మీ అమ్మ పరువు. మరి మా అమ్మ మోకాళ్లో?”

అంటూనే డేనియల్ సినిమాను ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. మొట్టమొదట, ఇంకా పేర్లు పడకముందే, ఒక చిన్న దృశ్యం ఉంది. సిపాయి సెలవు మీద వచ్చి రైలు దిగుతాడు. కొత్త పెళ్లికూతురు ఎదురు పరుగెడుతుంది. ఆమె గొడుగు గాలికి ఎగిరిపోతుంది. ఇద్దరూ నవ్వుతారు. ఆ వెంటనే పేర్లు మొదలవుతాయి. డేనియల్ ఆ ముక్కను మొదటి నుంచి కత్తిరించి, తంతి వచ్చిన తర్వాత అతికించాడు. సినిమా ఇప్పుడు పేర్లతో మొదలై గొడుగుతో ముగుస్తుంది.

“అమ్మకి మాత్రం చెప్పొద్దన్నా,” అన్నాడు.

“ఏ అమ్మకి?”

“ఇద్దరికీ!”

ఆదివారం హాలు కిక్కిరిసింది. సినిమా చాలా పాతదే గాని, జనం దాన్ని నిన్నటి సంగతిలా చూశారు. సిపాయి పెట్టె సర్దుకున్నప్పుడు హాలంతా ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తంతి వచ్చింది. రైలు ఆగకుండా వెళ్లింది. శౌరమ్మ చేతులు కట్టుకుని వెనక్కి వాలింది. మైకు బల్ల మీద సిద్ధంగా ఉంది.

అప్పుడు తెర మీద ఇంకో రైలు వచ్చి ఆగింది. సిపాయి దిగాడు. హాలు లేచి నిలబడింది. ఈలలు, చప్పట్లు. ఆ గోలలో పద్మావతమ్మ గొంతు స్పష్టంగా వినపడింది.

“ఇదే! ఇదేరా! ఇప్పుడు గొడుగు ఎగిరిపోద్ది చూడండి!”

గొడుగు ఎగిరిపోయింది.

“ఇప్పుడు వాడు టోపీ తీసి దాని నెత్తిన పెడతాడు!”

పెట్టాడు.

డేనియల్ దుర్గాప్రసాద్ చెయ్యి పట్టుకున్నాడు. “అన్నా, ఆ ముక్క నేను మొన్న అతికించిందే కదా. మీ అమ్మగారు అరవయ్యేళ్ల కిందట ఎట్టా చూశారు?”

తాను చేయించిన దొంగ ముగింపు అసలుదై కూర్చోవడం దుర్గాప్రసాద్ ఊహించని ప్రమాదం. ఒక్క నిమిషం పాటు ఇబ్రహీంపట్నం గోడౌనును అతను కూడా నమ్మాడు.

విలేకరి జయకృష్ణ మైకు తెచ్చి పద్మావతమ్మ ముందు పెట్టాడు. “అమ్మా, ఆ రోజు ఈ ముగింపు ఎలా చూశారో చెప్తారా?”

“మాకు పెళ్లయిన కొత్త. ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చాం. మేం చేరేసరికి మ్యాట్నీ సగం అయిపోయి ఇంటర్వెల్ ఇచ్చారు. కూచున్నామో లేదో వాడు చచ్చిపోయాడు. నేను ఒకటే ఏడుపు. ‘ఈ మొహంతో మా అమ్మ దగ్గరికి ఎట్టా తీసుకెళ్లేదే, కూచో, ఇంకా అవలేదు’ అన్నారు ఆయన. ఆ సినిమాకి రెండు ఇంటర్వెల్సు ఉండేవి.”

“రెండా?”

“రెండోది పెద్దది. జనం అంతా లేచి వెళ్లిపోయారు. ఆయన కూడా బయటికెళ్లి మళ్లీ టికెట్లు కొనుక్కొచ్చారు. అప్పట్లో అట్టాగే ఉండేది కాబోలు. తర్వాత కొత్త జనం వచ్చి కూచున్నారు. లైట్లు తీశారు, వాడు రైలు దిగాడు. ‘వచ్చాడుగా, ఇంక పద, బస్సు పోద్ది’ అన్నారు ఆయన. పేర్లు పడుతుంటే లేచి వచ్చేశాం.” ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. “అంతా బానే ఉంది గానీ, ప్రసాదూ, ఆ పేర్లే ముందు వేసేశార్రా. అవి గొడుగు ఎగిరిపోయాక పడాలి.”

విలేకరి ప్రతి మాటా శ్రద్ధగా రాసుకుని ఏమీ గ్రహించలేదు. రెండోసారి కొన్న టికెట్లు తర్వాతి ఆటవని డేనియల్ గ్రహించి నేల చూశాడు. దుర్గాప్రసాద్ కూడా గ్రహించి శౌరమ్మ వంక చూశాడు.

శౌరమ్మ అప్పటికే లేచి నిలబడింది. ఏళ్ల తరబడి నడిచిన తగాదాలో ఆమెకు కావలసిన సాక్ష్యం అంతా ఎదుటి మనిషే మైకులో చెప్పింది. ఆమె ఒక్క వాక్యం అంటే చాలు. నోరు తెరిచింది కూడా. కళ్లద్దాలు తుడుచుకుంటున్న వదినను చూసింది.

“మీ ఆయన అట్టా అన్నారా వదినా?”

“అన్నారే. అబద్ధం చెప్తానా?”

“చెప్పవులే. మా గుంటూరోళ్లకే కోసేసిన ప్రింటు అంటగట్టి ఉంటారు,” అని శౌరమ్మ వదిన ముందున్న మైకును తీసి బల్ల మీద పెట్టేసింది. “ఒరేయ్ డేనియలూ, కొండ మెట్లు ఎన్నున్నాయో కనుక్కో. మోకాళ్లకి గుడ్డలు కట్టుకోవాలి.”

మర్నాడు పేపరులో ‘అసలు ముగింపు దొరికింది’ అని వార్త వచ్చింది. ‘సెలవు చీటీ’కి ముగింపు మాత్రం ఎప్పుడూ ఒక్కటే, ఆ కాలపు మన సినిమాల్లో పేర్లు మొదట్లోనే పడేవి.