మైకెక్కిన వాయుగుండం

జీవిత ఆ ఉదయం వేసుకున్న ప్లాను చిన్నదే. తిరుత్తణి మండపంలో అన్న మునిరాజ్ కూతురు మనస్వికి చెవులు కుట్టించాలి, బంగాళాఖాతంలో వాయుగుండం మీదికి రెండు విమానాలు నడిపించాలి. విమానాల పని టిఫిన్లు అయ్యేలోపు తెమిలిపోతుందని, ఆ తర్వాత తీరిగ్గా చెవుల సంగతి చూసుకోవచ్చని ఆమె ధీమా.

ఆమెది వాతావరణ పరిశోధనలో ఉద్యోగం. తుపానుగా ముదరబోయే మేఘాల్లో ఒక విమానం ఎత్తున, ఇంకొకటి తక్కువలో తిరుగుతాయి. పై విమానం చిన్న గొడుగు కట్టిన అట్టగొట్టాలను జారవిడుస్తుంది. అవి దిగుతూ దిగుతూ గాలి పోకడ చెబుతాయి. ఆ గొట్టం కింది విమానం నెత్తిన పడకుండా రెండింటినీ మాటలతో నడపడమే జీవిత పని. ఒంటరిగా ఆ బాధ్యత చేతికి రావడం ఇదే మొదటిసారి. ఇవాళ గొట్టాలు పడకపోతే తుపాను ఎటు తిరుగుతుందో తెలియదు, ఆ కుర్చీ మళ్ళీ ఆమెకు దక్కదు.

అసలు రాలేనని తల్లి కస్తూరమ్మకు ముందే చెప్పి చూసింది. కస్తూరమ్మ ఒప్పుకుంటేనా?

"మేనత్త లేకుంటే పోగుల తట్ట ఎవురు పట్టుకుంటారు? నీ విమానాలేవో ఈడికే తెచ్చుకో" అనింది.

అలా జీవిత ల్యాప్‌టాప్‌తో, మండపంలో పెళ్ళికూతుళ్ళకిచ్చే గదిలో చేరి, తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. అంతకు కాస్త ముందే కస్తూరమ్మ అదే గదిలో నిలబడి, కార్డ్‌లెస్ మైకులో చుట్టాలను పేరుపేరునా పిలిచి, మైకును బల్ల మీది మల్లెపూల తట్టలో పెట్టి వెళ్ళింది. మైకుకు ఆపే బటన్ కూడా ఉంటుందని ఆమెకెవరూ చెప్పలేదు.

ఇక వీధి చివరిదాకా కట్టిన లౌడ్‌స్పీకర్లలో జీవిత ఇంగ్లీషు మోగడం మొదలైంది. ఇంకాస్త దిగండి, చాలు, అక్కడే తిరగండి. వచ్చినవాళ్ళలో సగం మంది మునిరాజ్ ఫ్యాక్టరీ స్నేహితులు, వాళ్ళకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. రానివాళ్ళకు కస్తూరమ్మ పక్కనే కూర్చుని, ఆకాశమంతా తన కూతురి కిందే పనిచేస్తోందన్నట్టు వివరించింది. ఇడ్లీలు ఆకుల్లోనే చల్లారిపోయాయి.

అంతలో స్పీకర్లు గట్టిగా "డోంట్ డ్రాప్" అన్నాయి. ఆ మండపంలో వంటవాళ్ళకు ఏ పని చెప్పాలన్నా మైకులోనే చెబుతారు. వంటమేస్త్రీ ఎలుమలై కాగే నూనె మీద వడ పట్టుకున్న చెయ్యి అలాగే ఆపేశాడు.

"ఎవురూ వెయ్యొద్దండప్పా. అమ్మగారు వొద్దంటా ఉండారు" అని తన మనుషులకు చెప్పి, పొయ్యి తగ్గించాడు.

అసలు చిక్కు సముద్రంలో ఉంది. గొట్టాల వరుస తీరం దగ్గర మొదలు కావాలి. సరిగ్గా అక్కడే చేపల పడవలు గుంపుగా ఉన్నాయని కింది విమానం చెప్పింది. పడవలుంటే గొట్టం వదలకూడదు. వేటకు పోవద్దని రెండుసార్లు హెచ్చరించినా, ఎండ కాస్తుంటే ఎవరు వింటారు? విమానాల్లో ఇంధనం తరిగిపోతోంది. జీవితకు ఏడుపొచ్చినంత పనైంది. ఆఫీసులోని స్నేహితురాలికి ఫోన్ చేసింది.

"అన్నీ ఆరంబాక్కం పడవలే. ఎట్లైనా ఒడ్డుకు రమ్మని చెప్పించవే. ఈ గొట్టాలు పడకుంటే నా పని అయిపోయినట్టే."

వీధి వీధంతా ఆ మాట విన్నది. మునిరాజ్‌తో పనిచేసే ఏసుది ఆరంబాక్కమే. నోట్లో ఇడ్లీ మింగకుండానే తనవాళ్ళకు ఫోన్ కలిపాడు. అతన్ని చూసి తక్కినవాళ్ళూ తమకు తెలిసినవాళ్ళకు కలిపారు.

కాసేపటికి కింది విమానం నుంచి నమ్మలేని కబురు వచ్చింది. పడవలన్నీ ఒక్కసారిగా మొగం తిప్పి, పందెం పెట్టుకున్నట్టు ఒడ్డుకు పరుగెడుతున్నాయట. జీవిత కింది విమానాన్ని పక్కకు తప్పించి, గుండె నిండా ఊపిరి పీల్చుకుని "డ్రాప్" అనింది. సముద్రంలో గొట్టాలు, నూనెలో వడలు ఒక్కసారే పడ్డాయి.

ఆఖరి గొట్టం దాకా పని ముగించి హెడ్‌ఫోన్లు తీసేసరికి చప్పట్లు వినిపించాయి. తన ఊపిరి కూడా బయట మోగుతోందని అప్పుడు తెలిసింది. పూలతట్టలో మైకు కనబడింది. సిగ్గుతో చచ్చిపోదామనుకుంది గానీ, పోగుల తట్ట పట్టుకుని బయటికి రాగానే మండపమంతా లేచి నిలబడింది. కస్తూరమ్మ కళ్ళు తుడుచుకుంది. మేనమామ ఒడిలో మనస్వి గుక్కపెట్టి ఏడ్చింది, ఆ చప్పట్లలో పాపం ఎవరికీ వినిపించలేదు.

సాయంత్రానికి సముద్రం పొంగింది. నీళ్ళ మీద ఒక్క పడవా లేదు. తుపాను ఎటు పోతుందో అప్పటికే తేలిపోయింది. పై అధికారి ఫోన్ చేసి, సర్కారు మొత్తుకున్నా కదలని పడవలను ఎలా కదిలించావని అడిగి, ఇకమీద ఆ కుర్చీ నీదేనన్నాడు. జీవితకు నిలువెల్లా సంతోషం పొంగింది. పడవలను తిప్పించింది ఏసేనని అప్పటికే అన్న చెప్పి ఉన్నాడు. నేరుగా ఏసు దగ్గరికి వెళ్ళి చేతులు జోడించింది.

ఏసు తల గోక్కున్నాడు. "నేను గొట్టాలనే చెప్పినానక్కా. గుమ్మిడిపూండిలో మా చిన్నాయన దాన్ని సిలిండర్లు చేసినాడు. ఆ మాట ఊరికి పోయేటప్పటికి, విమానంలో ఇంటికొక గ్యాసు బండ ఊరికే ఇస్తారని అయిపోయిండాది."

తుపాను కదిలింది గానీ, ఆరంబాక్కం ఒడ్డున గ్యాసు బండలకని కట్టిన లైను మాత్రం ఇంకా కదల్లేదట.