ధర్మవరంలో కంప్యూటర్ హత్య

"భయపడొద్దు చెల్లీ! నేరగాళ్లు ఎవని పేరు వింటే అన్నం మానేస్తారో, ఆ అపరాధ పరిశోధకుడు ఓబిలేష్ నీ గడప తొక్కినాడు!"

తొక్కింది గడప కాదు, జ్యోతి కాలు. పెద్దమ్మ కొడుకు కదా అని ఆమె పళ్లు బిగబట్టి ఊరుకుంది.

అసలే ఆమె ఏడుపు ఆమెది. పట్టుచీరలకు కంప్యూటర్ మీద డిజైన్లు వేసిచ్చే పని. పెళ్లిచీర కొంగు డిజైన్ సాయంత్రం ఆరులోగా ఇవ్వకపోతే ఆర్డరు వేరే మగ్గానికి పోతుంది. నేతగాడు దాసప్ప పొద్దుటి నుంచి గుమ్మంలోనే కూర్చున్నాడు. కంప్యూటరేమో వారం రోజులుగా మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి టప్పున ఆరిపోతోంది.

"ఇది హత్య," అన్నాడు ఓబిలేష్ నల్లకళ్లద్దాలు సర్దుకుంటూ. "రోజూ జరుగుతాండాది కాబట్టి సీరియల్ హత్య!"

"ఎండకేమో అన్నా. నలభై మూడు డిగ్రీలుండాది."

"ఎండకు బేడీలు వేయలేం. వదిలేయ్." గిర్రున దాసప్ప వైపు తిరిగాడు. "నిన్న మధ్యాహ్నం యాడున్నావు?"

"ఈడే."

"మొన్న?"

"ఈడే."

"నేరం జరిగినప్పుడల్లా ఈడే ఉన్నావన్నమాట!"

"డిజైన్ ఇస్తే పోతా కదప్పా! ఆడ మగ్గం ఖాళీగా ఉండాది. ఈ ఆర్డరు పోతే ఇంట్లో పొయ్యి కూడా అంతే."

ఆ మాటకు జ్యోతి ప్రాణం ఉసూరుమంది. ఓబిలేష్ మాత్రం ప్లగ్గు పీకి, కంప్యూటర్ డబ్బా మూత విప్పి, లోపలికి తల దూర్చాడు.

"దొరికినాడు గూఢచారి!" రూపాయి బిళ్లంత గుండ్రటి వస్తువును గోటితో పెకలించి పైకెత్తాడు. "రహస్య మైక్రోఫోన్! నీ డిజైన్లన్నీ వింటాండాది!"

"డిజైన్లు వినేదేంది అన్నా? అది బ్యాటరీ!"

"అట్లా కనపడేట్లు చేసినారు. అదే వాళ్ల తెలివి."

కొంప మునిగిందనుకుని జ్యోతి దేవుళ్లందరికీ మొక్కి స్విచ్ వేసింది. తెర మీద తారీఖు ఎప్పటిదో పాతది. పని నత్తనడక. అయితేనేం, మూడయింది, నాలుగయింది, కంప్యూటర్ ఆరిపోలేదు! అయిదున్నరకు పెన్‌డ్రైవ్ పట్టుకుని దాసప్ప మగ్గం దగ్గరికి ఒకటే పరుగు.

అనుమానం తీరక జ్యోతి అనంతపురంలో చదువుకుంటున్న తమ్ముడు హర్షకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

"తిట్టొద్దక్కా. నీ పని బిరీన అయితాదని పోయిన వారం ప్రాసెసర్‌కు కంపెనీవాళ్లు పెట్టిన స్పీడు కంటే ఎక్కువ పెట్టినా. ఎండలో ఆ వేడికి తాళలేక ఆగిపోయినట్లుండాది. నేను పెట్టింది గుర్తు పెట్టుకునేది ఆ బ్యాటరీ బలంతోనే. అది పీకితే మళ్లీ పాత స్పీడే వస్తాది. ఎవురక్కా ఆ ఉపాయం చెప్పింది?"

జ్యోతి ఫోన్ పెట్టేసింది. వరండాలో ఓబిలేష్ ఆ బ్యాటరీని చేతిరుమాల్లో మూట గడుతూ ఆమె వైపే చూస్తున్నాడు. నిజం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పాపం, ఇన్నేళ్లలో అన్న పట్టుకున్న కేసు తేలడం ఇదే మొదటిసారి.

"నువ్వు లేకుంటే దాసప్ప బతుకు ఏమయ్యేదో అన్నా," అంది.

ఓబిలేష్ నల్లకళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఈ మాట," అన్నాడు మెల్లగా, "మాయమ్మకు ఒకసారి ఫోన్ చేసి చెప్తావా?"