కాశీలో మారిన సీడీ

ఉప్పల్‌లో పిండిగిర్ని నడిపే కొమురెల్లి ఆ ఆదివారం పొద్దున ఒకే పని పెట్టుకున్నాడు. మోకాళ్ల నొప్పులతో కాశీకి రాలేకపోయిన చిన్నమ్మ ఐలమ్మకు, తన తల్లి శ్యామలమ్మ యాత్ర ఫోటోలు చూపించాలి. ఘట్‌కేసర్ నుంచి ఐలమ్మను ఆటోలో తెచ్చి, తల్లితో పాటు పక్కింటి జీవన్ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

కెమెరా కూడా జీవన్‌దే. కాశీలో కార్డు నిండిపోయింది. ల్యాప్‌టాప్ లేదు కనుక కొమురెల్లి ఒక నెట్ సెంటర్‌లో ఫోటోలన్నీ సీడీలోకి ఎక్కించి, కార్డు ఖాళీ చేయించాడు.

సీడీ తెరిస్తే పడవలో ఎవరో కుటుంబం, మధ్యలో ఒక సన్నటావిడ. అది తమ సీడీ కాదని కొమురెల్లికి అర్థమైంది. ఐలమ్మ మాత్రం కళ్లద్దాలు మరిచిపోయి వచ్చింది.

“అక్కా, ఫోటోల మస్తు సన్నబడ్డవే,” అంది.

ఇంత దూరం వచ్చిన మనిషిని ఉసూరుమనిపించలేక, “తిరుగుడు గద చిన్నమ్మా,” అన్నాడు కొమురెల్లి.

తర్వాతి ఫోటోలో ఆ సన్నటావిడ భుజం మీద ఒక బట్టతల ఆయన చెయ్యి వేశాడు.

“గీయనెవలురా?”

“పూజారి. దీవిస్తున్నడు.”

ఆ తర్వాతి ఫోటోలో పూజారి నిక్కరు వేసుకొని ఆవిడకు ఐస్‌క్రీమ్ తినిపిస్తున్నాడు. ఐలమ్మ అక్క వైపు తిరిగింది. శ్యామలమ్మ కొడుకు వైపు తిరిగింది. జీవన్ గోడ వైపు తిరిగాడు.

“బావ పోయి రెండేండ్లు గాలేదు గదనే,” అంది ఐలమ్మ మెల్లగా.

“అది నేను గాదే.”

“కొడుకే జెప్పవట్టె.”

కొమురెల్లి ఇక నిజం చెప్పక తప్పలేదు. “సీడీ మారింది చిన్నమ్మా. మన ఫోటోలు పోయినయి.”

“నువ్వు సూస్తవనే దిగిన చెల్లె,” అంది శ్యామలమ్మ.

అంతలో గుమ్మంలో ఎవరో పలకరించారు. చూస్తే ఆ బట్టతల ఆయనే.

“కొమురెల్లి గారెవరండీ? నా పేరు గోపాలరావు, నాచారంలో ఉంటాం. కాశీలో నెట్ సెంటరువాడు రెండు సీడీల మీదా హైదరాబాద్ అనే రాశాడు. మీ దాంట్లో మీ పేరూ ఊరూ ఉన్న పిండిమర బోర్డు ఫోటో ఉంటే, అది పట్టుకుని వెతుక్కుంటూ వచ్చానండీ. మర దగ్గర అడిగితే ఇక్కడున్నారన్నారు.”

“పూజారి ఇంటిదాక వచ్చిండక్కా,” అంది ఐలమ్మ.

అసలు సీడీ పెట్టారు. గంగ ఉంది, మెట్లున్నాయి, ఆకుపచ్చ చీరలో శ్యామలమ్మ మెడ దాకా ఉంది. కొమురెల్లి తీసిన ఏ ఫోటోలోనూ తల్లికి తల లేదు.

గోపాలరావు ఆ చీరను పరీక్షగా చూశాడు. “ఒక్క నిమిషం, మా సీడీ పెట్టండి.”

ఆయన భార్య ఫోటో ఒకదానిలో, వెనకాల, దోసిట్లో నీళ్లతో సూర్యుడికి మొక్కుతూ అదే చీరలో శ్యామలమ్మ నిండుగా కనిపించింది. ఐలమ్మ తెరకు ముఖం ఆనించి చూసి, వేళ్లతో తడిమింది. “గిది నువ్వేనే అక్కా,” అంది.

కొమురెల్లి గోపాలరావు రెండు చేతులూ పట్టుకున్నాడు.

“సీడీ మార్చినోడు సల్లగుండాలె,” అంది శ్యామలమ్మ.

ఆ తర్వాత యాదగిరిగుట్టకు వెళ్లినప్పుడు కెమెరా కొడుక్కి ఇవ్వకుండా ఆమె తన చేతిలోనే పెట్టుకుంది.